నాగరికతలు కూలింది కరువుతోనా, కత్తితోనా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

గత సంచికలో గుజరాత్‌లోని ధోలావీరా అనే హరప్పా కాలపు నగరంలోని జలాశయాల గురించి నాలుగు ముక్కలు రాస్తే ఉత్తరాలూ వాట్సాప్ మెసేజీలూ కుప్పలుగా వచ్చాయి. దాదాపు అందరిదీ ఒకటే అనుమానం. పాత నాగరికతలు వానలు లేక, నేలలు చెడి పోయాయా, యుద్ధాల్లో పోయాయా అని. నేను చరిత్ర మాస్టారిని కాను. భూగర్భ జలాల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ రాజు కథ విన్నా, ఆ ఊరికి నీళ్లెక్కడివి, మురుగు ఎటు పోయేది అని ముందు చూసుకోవడం అలవాటైపోయింది. జవాబుల్లో ఆ వాసన తగిలితే సర్దుకోండి.

*సార్, హరప్పా నగరాల మీద ఆర్యులు దాడి చేసి నాశనం చేశారని మా నాన్నగారి పాత పుస్తకంలో ఉంది. యూట్యూబ్‌లో సరస్వతీ నది ఎండిపోవడం వల్లే అంటున్నారు. ఏది నిజం? – డిగ్రీ విద్యార్థిని, ఒంగోలు*

దాడి కథ మొహెంజొదారోలో దొరికిన అస్థిపంజరాల మీద నిలబడిందమ్మా. ఇళ్లలో, సందుల్లో పడి ఉన్న ముప్పై చిల్లర అస్థిపంజరాలను పట్టుకుని మార్టిమర్ వీలర్ అనే పురావస్తు అధికారి 1947లో నేరుగా ఆర్యుల దేవుడైన ఇంద్రుడి మీదే కేసు పెట్టాడు. 1964లో జార్జ్ డేల్స్ ఆ తవ్వకాల రికార్డులన్నీ తిరగేశాడు. ఆ మనుషులంతా ఒకే రోజు చచ్చిపోయినవాళ్లు కాదు, అస్థిపంజరాలు వేర్వేరు కాలాల పొరల్లోవి. దాడి జరిగితే ముందు కొట్టుకునేది కోట దగ్గర కదా, ఆ కోట భాగంలో ఒక్క శవమూ దొరకలేదు. దాంతో కేసు కొట్టేశారు. మీ నాన్నగారి పుస్తకం దాకా ఆ తీర్పు చేరలేదు, అంతే.

ఇక నది. సరస్వతి అని చాలామంది అనుకునేది హర్యానా, రాజస్థాన్‌ల మీదుగా పోయే ఘగ్గర్–హక్రా పాత దారి. కాలీబంగన్, బనావలీ లాంటి ఊళ్లు దాని ఒడ్డునే లేచాయి. ఆ దారిలో భూమి కింద ఉన్న ఇసుక పొరల వయసు కొలిచిన ఒక బృందం, ఒకప్పుడు అక్కడ పారిన సట్లెజ్ నది ఆ దారి వదిలేసి కనీసం 8,000 ఏళ్లయిందని 2017లో తేల్చింది. హరప్పా నగరాలు పెరిగింది సుమారు 4,600 ఏళ్ల కిందట. అంటే పెద్ద నది వెళ్లిపోయిన చాలాకాలానికి, అది వదిలిన పల్లపు నేలలో, వానాకాలపు వరద మీద ఆ ఊళ్లు బతికాయన్నమాట. దీన్ని ఒప్పుకోని బృందం కూడా ఉంది. నది మధ్యలో మళ్లీ ఏడాది పొడవునా పారిందని వాళ్ల వాదన. ఈ పేచీ ఇంకా తెగలేదు.

వాన సంగతిలో పేచీ తక్కువ. హర్యానాలో కోట్లా దహర్ అని ఒకప్పటి చెరువు ఉంది. దాని అడుగు మట్టిలోంచి నత్తగుల్లలు ఏరి 2014లో పరీక్షించారు. నీళ్లు ఆవిరయ్యేటప్పుడు తేలిక రకం ఆక్సిజన్ ముందు ఎగిరిపోయి బరువు రకం వెనక మిగులుతుంది. నత్త ఆ నీళ్లతోనే గుల్ల కట్టుకుంటుంది. కాబట్టి బరువు రకం ఎక్కువున్న గుల్ల దొరికితే, ఆ నత్త బతికిన ఏడాది చెరువు అడుగంటిందని అర్థం. ఆ గుల్లలు చెప్పినదాన్ని బట్టి సుమారు 4,100 ఏళ్ల కిందట అక్కడ నైరుతి రుతుపవనం ఉన్నట్టుండి బలహీనపడింది. మేఘాలయలోని మావ్‌మ్లూ గుహలో పైకప్పు నుంచి బొట్టుబొట్టుగా కారి గట్టిపడిన సున్నపు రాయిలోనూ దాదాపు ఆ కాలపు కరువు కనబడింది. అందుకే 2018లో భూగర్భ శాస్త్రవేత్తలు 4,200 ఏళ్ల కింద మొదలైన కాలానికి మేఘాలయన్ అని పేరు పెట్టారు.

అయితే వానలు తగ్గాయి, అందరూ పోయారు అని రాసేయకండి. క్రీస్తుపూర్వం 1900 నాటికి పెద్ద నగరాలు బోసిపోయిన మాట నిజమే. అదే సమయంలో తూర్పున హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్ వైపు చిన్న పల్లెలు పెరిగాయి. గుజరాత్‌లో సామలు, కొర్రలు లాంటి తక్కువ నీటి పంటల వాడకం కనబడుతుంది. జనం పల్లెకు మళ్లారు, పంట మార్చారు. పోయినవి ముద్రలు, చెకుముకి రాతితో చెక్కిన తూనికరాళ్లు, రాత, వీధి మురుగుకాలువలను శుభ్రం చేయించిన ఏర్పాటు. అవన్నీ పట్నానికి కావలసినవి. సామలు పండించుకునే పల్లెకు ముద్ర దేనికి?

*అయ్యా, మా పొలం కాలువ చివరి భూమి. ఐదారేళ్లుగా చౌడు తేలుతోంది. ఇరాక్ వైపు ఒక పాత రాజ్యమే ఇట్లా ఉప్పు వల్ల పోయిందని మా అబ్బాయి చదివి చెప్పాడు. నిజమేనా? – రైతు, బాపట్ల దగ్గర*

మీ అబ్బాయి చెప్పింది సుమేరు గురించి. టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల దిగువ మైదానం అది. ఉప్పు పుట్టే విధానం మీకు నేను చెప్పనక్కర్లేదు గానీ, మిగతా పాఠకుల కోసం చెబుతాను. నదీజలంలో కంటికి కనపడనంత ఉప్పు ఎప్పుడూ ఉంటుంది. కాలువ పెట్టి ఏళ్ల తరబడి పారిస్తే, మురుగు పోయే దారి లేని పల్లపు నేలలో భూమి కింది నీటిమట్టం పైకి వస్తుంది. అది మీటరు, మీటరున్నర లోతుకు చేరిందంటే ఎండకు మట్టి సందుల గుండా తడి పైకి ఎగబాకి ఆవిరైపోతుంది. నీళ్లు పోతాయి, ఉప్పు పైనే ఉండిపోతుంది. పొద్దున్నే గట్టు మీద నిలబడి చూస్తే సున్నం చల్లినట్టు తెల్లగా కనబడేది అదే.

1958లో థోర్కిల్డ్ జాకబ్‌సన్, రాబర్ట్ ఆడమ్స్ అనే ఇద్దరు మట్టి పలకల మీద రాసిన గుడి లెక్కలు చదివి ఒక వ్యాసం రాశారు. క్రీస్తుపూర్వం 3500 ప్రాంతంలో అక్కడ గోధుమ, బార్లీ దాదాపు సమానంగా వేసేవారు. 2100 నాటికి గోధుమ వాటా నూటికి రెండు. 1700 నాటికి దక్షిణాన గోధుమే లేదు. బార్లీ ఉప్పును గోధుమ కంటే బాగా తట్టుకుంటుంది కాబట్టి రైతు దానికి మారాడని వాళ్ల వాదన. దిగుబడి కూడా హెక్టారుకు సుమారు 2,500 లీటర్ల నుంచి ఏడు వందల ఏళ్లలో 900 లీటర్లకు పడిపోయిందని లెక్క కట్టారు. అప్పుడు ధాన్యాన్ని మన కుంచం, మానికల్లాగే కొలపాత్రతో కొలిచేవారు, అందుకే లీటర్లు. ఈ అంకెల మీద తర్వాతి పండితులు గట్టిగానే గొడవపడ్డారు. కొలతలను సరిగ్గా చదవలేదని, ఉప్పు కథను మరీ పెద్దది చేశారని మార్విన్ పావెల్ 1985లో రాశాడు. కనుక అంకెలను రాతి మీద గీతలనుకోకండి.

నాకు అంకెల కన్నా ఆసక్తి కలిగించింది వేరే. ఆ ప్రాంతపు రైతులకు చౌడుకు మందు తెలుసు. ఒక ఏడు పంట వేస్తే మరుసటి ఏడు బీడు పెట్టేవాళ్లు. బీడులో రెండు రకాల ముళ్ల మొక్కలు మొలుస్తాయి. ఒకటి మన జమ్మి జాతికే చెందిన పొద, రెండోది ఒంటెలు మేసే ముళ్లకంప. వాటి వేళ్లు లోతుకు దిగి అడుగు తడిని పీల్చేస్తాయి, నీటిమట్టం కిందికి పోతుంది. ఆ తర్వాత నీళ్లు పెడితే పైనున్న ఉప్పు కరిగి కిందికి దిగిపోతుంది. ఇరవయ్యో శతాబ్దం దాకా ఇరాక్ పల్లెల్లో ఈ పద్ధతి నడిచింది. ఇంత తెలిసిన రైతు నేలను ఎందుకు పాడుచేసుకుంటాడు? మెక్‌గ్వైర్ గిబ్సన్ అనే పురావస్తు శాస్త్రవేత్త 1970లలో దీనికి ఒక జవాబు చెప్పాడు. బీడు పెట్టే హక్కు రైతు చేతిలోంచి జారిపోయినప్పుడు అలా జరుగుతుందని. రాజ్యానికి జీతగాళ్లు, సైన్యం, గుళ్లు పెరుగుతాయి. ఏటా ధాన్యం కొలవాల్సిందే అంటారు. బీడు పెట్టే ఏడు కూడా పంట వేయిస్తారు. మొదటి కొన్నేళ్లు గాదెలు నిండుతాయి, అధికారికి మెప్పొస్తుంది. ఆ తర్వాత ఉప్పు తేలుతుంది. అప్పటికి ఆ అధికారి బదిలీ అయిపోయి ఉంటాడు. (ఈ చివరి మాట మట్టి పలకల మీద లేదు, నా సర్వీసు అనుభవం.)

ఇంకొకటి. లగాష్, ఉమ్మా అని పక్కపక్క నగరాలు. ఉమ్మా ఎగువన, లగాష్ దిగువన. సరిహద్దు కాలువ నీళ్ల కోసం తరాల తరబడి కొట్టుకున్నాయి. సరిహద్దు రాళ్లు పాతారు, పీకారు, ఒప్పందాలు రాసుకున్నారు. చివరికి లగాష్ రాజు ఎన్మెటెనా టైగ్రిస్ నుంచి వేరే కాలువ తవ్వించాడు. పేచీ తీరింది, నీళ్లు పుష్కలంగా వచ్చాయి. ఆ నీళ్లే అడుగు మట్టాన్ని పైకి లేపి ఉప్పుకు దారి వేశాయని జాకబ్‌సన్ అనుమానం. సుమేరు చివరి రాజధాని ఉర్ నగరం మాత్రం కూలింది క్రీస్తుపూర్వం 2004 ప్రాంతంలో, తూర్పున ఇరాన్ వైపునున్న ఏలాము రాజ్యపు సైన్యం చేతిలో. ఉప్పు, ఎగువన నీటి తగాదా, ధాన్యం ధరలు అన్నీ కలిసి గోడను గుల్ల చేశాక వచ్చి తోసినవాడి పేరు చరిత్రలో మిగిలింది.

మీ పొలం మాటకొస్తే, ముందు మట్టి పరీక్ష చేయించండి. అది ఉప్పు ఎక్కువైన పాల చౌడో, క్షారం ఎక్కువైన కారు చౌడో తెలియకుండా జిప్సం కొని డబ్బు పోసుకోవద్దు. కారు చౌడుకైతేనే జిప్సం. పాల చౌడుకు మంచి నీళ్లు నిలగట్టి ఉప్పును కడిగి మురుగుకాలువలోకి వదలాలి, జీలుగ వేసి కలియదున్నాలి. మురుగుకాలువ పూడిపోయి ఉంటే ఇవేవీ పనిచేయవు. మీ ఒక్కరి పొలంలో తవ్వినా లాభం లేదు, దిగువ రైతులను కూడా కలుపుకోండి.

*పోయిన సెలవుల్లో మెక్సికో వెళ్లి చిచెన్ ఇట్జా చూశాం. అంత పెద్ద పిరమిడ్లు కట్టిన మాయా జనం ఉన్నట్టుండి ఎటు పోయారో ఎవరికీ తెలియదట కదా? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్*

ఎటూ పోలేదండీ. మీకు పిరమిడ్ చూపించిన గైడో, టిఫిన్ వడ్డించిన మనిషో మాయావారే అయి ఉండొచ్చు. గ్వాటెమాల, మెక్సికోలలో ఇవాళ కూడా మాయా భాషలు మాట్లాడేవాళ్లు లక్షల్లో ఉన్నారు.

ఖాళీ అయినవి దక్షిణాన అడవి మధ్యనున్న తికాల్ లాంటి నగరాలు. తికాల్‌లో తేదీ వేసి నిలబెట్టిన చివరి శిలాస్తంభం క్రీ.శ. 869 నాటిది. అక్కడ నేలంతా సున్నపురాయి, పారే నది లేదు. వీధులకు, ముంగిళ్లకు సున్నం గచ్చు చేసి, వాలు పెట్టి, వాన నీళ్లను జలాశయాల్లోకి మళ్లించుకుని ఎండాకాలం నాలుగు నెలలూ గడిపేవాళ్లు. ఉత్తరాన ఒక సరస్సు అడుగు మట్టిని పరీక్షించిన వాళ్లు 2018లో, ఆ కాలంలో ఏడాది వాన సగానికి సగం, ఇంకా కచ్చితంగా అంటే 41 నుంచి 54 శాతం తగ్గిందని లెక్క తేల్చారు. తికాల్‌కు ఇంకో దెబ్బ కూడా తగిలింది. రాజభవనం పక్క జలాశయాల మట్టిలో పాదరసం, విషపు నాచు ఆనవాళ్లు దొరికాయి. గోడలకు, సమాధులకు ఎర్ర రంగుగా వాడిన ఇంగిలీకం (పాదరసం ఉండే ఖనిజం) వానకు కొట్టుకొచ్చి నీళ్లలో చేరింది. అంటే ఊరికి నీళ్లు తగ్గిపోతున్నప్పుడు రాజుగారి ఇంటి నీళ్లు తాగడానికి పనికిరాకుండా పోయాయి.

కానీ కరువు ఒక్కటే అంటే నేను ఒప్పుకోను. దోస్ పిలాస్ అనే ఊరు 761లోనే, పెద్ద కరువులకు ముందే, పక్క రాజ్యాలతో కొట్లాటలో పాడుబడింది. పోతే, మీరు చూసిన చిచెన్ ఇట్జా ఉన్నది ఇంకా తక్కువ వాన పడే ప్రాంతంలో. దక్షిణ నగరాలు చితికిపోతున్న రోజుల్లోనే అది వెలిగింది. దానికి సున్నపురాయి కూలి ఏర్పడిన లోతు బావులు ఉన్నాయి, సముద్ర వ్యాపారం ఉంది. నేనే వానలు కురిపిస్తానని చెప్పుకుని పన్ను తీసుకునే రాజుకు, వరసగా వానలు లేకపోతే ఊళ్లో ముఖం చెల్లదు. జనం ఆ రాజును వదిలేశారు.

*ఈస్టర్ దీవి వాళ్లు విగ్రహాలు మోయడానికి చెట్లన్నీ నరికేసి, తిండి లేక ఒకరినొకరు చంపుకున్నారని మా సార్ చెప్పారు. – పదో తరగతి, కర్నూలు*

మీ సార్ చెప్పింది చాలాకాలం అందరూ చెప్పిన కథే బాబూ. అందులో సగం నిజం. పసిఫిక్ సముద్రం నడుమనున్న ఆ దీవిలో తాటి జాతి చెట్లు అంతరించాయి. గొడ్డళ్లతో పాటు, పడవల్లో వచ్చిన ఎలుకలు విత్తనాలు కొరికేయడం కూడా దానికి కారణం. మిగతా సగం నిలబడలేదు. జనం రాళ్ల మధ్య దుంపలు పండించుకుని బతికారు. ఆ దీవి పూర్వీకుల డీఎన్ఏ మీద 2024లో వచ్చిన పరిశోధనలో, ఆ కథ చెప్పే 1600ల నాటి జనాభా పతనం జాడే లేదు. అసలు దెబ్బ 1862–63లో. పెరూ నుంచి వచ్చిన ఓడలవాళ్లు వందల మందిని బానిసలుగా పట్టుకుపోయారు, ప్రాణాలతో తిరిగొచ్చిన కొద్దిమందితో మశూచి వచ్చింది. 1877లో దీవిలో మిగిలింది 111 మంది. చెట్లు నరికి చచ్చారని చెబితే ఆ ఓడలవాళ్ల ఊసే ఎత్తనక్కర్లేదు, అందుకే ఆ కథ అంత బాగా చెల్లింది.

*మన నాగరికత ఎప్పుడు అంతమవుతుంది? – పేరు రాయలేదు*

తేదీ కావాలంటే పంచాంగం చూసేవాళ్లను అడగండి.

*కాకతీయులు అన్ని చెరువులు తవ్వించారు. అయినా వాళ్ల రాజ్యం ఎందుకు నిలవలేదు? పర్యావరణం పాత్ర ఏమైనా ఉందా? – ఉపాధ్యాయుడు, హనుమకొండ*

మాస్టారూ, మీ ఊళ్లో కూర్చుని నన్ను అడుగుతున్నారు! ఓరుగల్లు 1323లో పడింది ఢిల్లీ సైన్యం చేతిలో. అది కత్తి పనే. నా శాఖ పరిధిలోకి రాదు. అసలు విషయం ఆ తర్వాతది. రాజు పోయాడు, కోట పోయింది. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు మాత్రం ఏడు వందల ఏళ్ల తర్వాత కూడా పొలాలకు నీళ్లిస్తున్నాయి.

ఇదే సంగతి కంబోడియాలో ఖ్మేర్ రాజుల పాత రాజధాని అంకోర్ నగరంతో పోల్చి చూస్తే బాగా తెలుస్తుంది. అక్కడి పశ్చిమ బారాయ్ అనే చెరువు పొడవు దాదాపు ఎనిమిది కిలోమీటర్లు. దానికి తగ్గ కాలువలు, మళ్లింపులు, అన్నీ కలిపి ఒకటే వల. 14వ శతాబ్దం నడుమ నుంచి అక్కడ దశాబ్దాల కరువులు, నడుమ నడుమ విపరీతమైన వానలు పడ్డాయని వియత్నాం కొండల్లోని పాత చెట్ల కాండాల్లో ఏటా పడిన వలయాలు చెబుతున్నాయి. కరువుకు కుదించిన కాలువను వరద కోసేసింది, ఆ మట్టి దిగువ కాలువలో పూడింది. అంతకు కొంత ముందు నుంచే నగరం నడిబొడ్డున జనం పలచబడ్డారని 2019లో వచ్చిన మరో పరిశోధన అంటుంది. అంటే బాగుచేయించే పెద్దలు మెల్లగా తప్పుకున్నాక వచ్చిన వరద అది.

మన గొలుసుకట్టు చెరువుల్లోనూ ఒకటి తెగితే కింది చెరువుకు ముప్పే. అయినా తూము ఎత్తే నీరటి ఆ ఊరివాడే, కట్ట వేయించేదీ మత్తడి చూసుకునేదీ ఆ ఊరే. చెరువు తవ్వించిన, బాగుచేసిన వాళ్లకు ఆయకట్టులో భాగం ఇచ్చే దశబంధ మాన్యాలు శాసనాల్లో ఎన్నో. ఓరుగల్లు నుంచి ఉత్తర్వు రాకపోయినా పూడిక తీసేవాళ్లు తీశారు. ఆ ఏర్పాటు చెడిన తర్వాతే చెరువులు చెడ్డాయి. 2015లో మిషన్ కాకతీయ కింద ట్రాక్టర్లతో పూడిక తీసి పొలాల్లో తోలుకున్నది ఆ పాత పనే.

మీ పిల్లలకు చెప్పడానికి ఇంకోటి. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు వేయించినది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అని లెక్క రాయించాడు. కట్ట ఊటలు కారడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు మధ్యలో మెరక, నీళ్లు కొంచెం ఆయకట్టు ఎక్కువ, నీళ్లు ఎక్కువ నేల తక్కువ. ఇవీ ఆ ఆరు. పైన బాపట్ల రైతుగారికి చెప్పిన లగాష్–ఉమ్మా గొడవను రెండో దోషం, మూడో దోషం పక్కన పెట్టి క్లాసులో చదివించండి. ఇంజినీరింగ్ కాలేజీలో నాకు ఇంత తేలిగ్గా చెప్పినవాళ్లు లేరు.

*ధోలావీరా వెళ్లాలంటే ఎలా? – గృహిణి, విజయవాడ*

భుజ్ దాకా రైల్లోనో విమానంలోనో వెళ్లి అక్కడ కారు మాట్లాడుకోండి. ఖావ్డా మీదుగా రణ్ ఉప్పు మైదానం మధ్య నుంచి కొత్త రోడ్డు పడింది, దూరం బాగా తగ్గింది. డిసెంబరు, జనవరి మంచి నెలలు. కోట చూసి వచ్చేయకుండా తూర్పు వైపు జలాశయం దాకా నడవండి. 70 మీటర్ల పైన పొడవు, మెట్లు దిగితే అడుగున రాయి తొలిచి చేసిన బావి. మన్సర్, మన్హర్ అనే రెండు వాగులకు అడ్డుకట్టలు వేసి నీళ్లను ఇటు ఎలా తిప్పారో అక్కడ నిలబడితే తెలుస్తుంది. మ్యూజియానికి శుక్రవారం సెలవు.